కత్తిరించిన పేరు

ఫోన్ ఎత్తగానే అవతలి మనిషి ఝాన్సీ పేరు, వాళ్ళ నాయన పేరు, ఆమె పనిచేసే చోటు వరసగా చెప్పి, "మీరేనా అండీ?" అన్నాడు.

టీ విరామం. ఎర్రమంచి దగ్గర కార్ల సీట్లకు కవర్లు కుట్టే కంపెనీ అది. ఫోన్లన్నీ గేటు పక్క అరల్లో పెట్టి లోపలికి పోవాలి. విరామంలో బయటికొచ్చి, టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, ఎవరైనా చేసి ఉంటారా అని చూసుకోవడం అందరికీ అలవాటు. ఆ రోజు ఝాన్సీ చూసుకుంటూ ఉండగానే మోగింది.

"నేనే సార్."

"నా పేరు మనోజ్. బెంగళూరు నుంచి, ఆడియో కంపెనీ. మీరు పాడి నెట్లో పెట్టిన పాట విన్నామండీ. గొంతు చాలా బాగుంది."

ఆమెకు సంతోషం కలిగే లోపలే రెండో మాట వచ్చింది. ఆ పాటకు వాడిన మ్యూజిక్ తమదని, అనుమతి లేకుండా వాడారని, కాపీరైటు చట్టంలో దీనికి మూడేళ్ళ దాకా జైలు ఉందని అతను అదే మెత్తని గొంతుతో చెప్పాడు. "మేము అంత దూరం పోదలుచుకోలేదండీ. సోమవారం మా మనిషి పెనుకొండకు వస్తాడు. పాట మాటలు, మీ గొంతు, మీ ఛానల్ అన్నీ కంపెనీవే అని ఒక సంతకం పెట్టండి. అంతటితో సరి. పెట్టకపోతే స్టేషన్లో కంప్లైంటు ఇస్తాం. మీ ఫ్యాక్టరీకి కూడా ఒక కాపీ పంపాల్సి వస్తుంది."

అరిచి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అరిచేది. ఇంత మర్యాదగా మాట్లాడేవాడికి ఏం జవాబు చెప్పాలో తెలియక, "సరే సార్" అంది. ఎందుకు సరే అందో ఆమెకే తెలియదు. టీ చల్లారిపోయింది.

మిషన్ దగ్గర కూర్చున్నాక చేతులు మాట వినలేదు. సీటు అంచు కుట్టేటప్పుడు గుడ్డను ఎడమచేత్తో వంపు తిప్పుతూ, కుడిచేత్తో వెనక నుంచి మెల్లగా లాగాలి. లాగడం ఎక్కువైతే కుట్టు ముడత పడుతుంది. ఝాన్సీ కుట్టినవి వరసగా ముడతలు పడ్డాయి. సూపర్వైజర్ రాధ వచ్చి ఒక కవరు ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏమే, పర్మనెంటు జాబితాలో పేరుండాదని తెలిసి చేతులు వణుకుతాండాయా? కాగితాలు పోలీస్ స్టేషనుకు పోయినాయి. కేసులేమీ లేవని వాళ్ళు రాసిస్తే చాలు. నీకేం కేసులుంటాయిలే."

రాధ నవ్వింది. ఝాన్సీ తల వంచి ముడత కుట్లు విప్పసాగింది. మనోజ్ కంప్లైంటు ఇస్తే ఆ కాగితాల్లో కేసు ఉందని రాస్తారు. ఆ ఉద్యోగం కోసం ఎన్ని పండగలకు ఇంట్లో ఉండకుండా లైనులో కూర్చుందో అతనికి తెలియదు.

వాళ్ళ పల్లె పెనుకొండ కొండకు వెనక వైపు. ఆమె పోయేసరికి నాయన జయప్రకాష్ మేకల దొడ్డికి కంప చుట్టి తీగ బిగిస్తున్నాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ప్రకటనలు చదివేదీ, కానుకల పళ్ళెం తిప్పేదీ, ఎవరైనా కొట్లాడితే మధ్యలో నిలబడేదీ ఆయనే. ఝాన్సీ చెప్తుంటే తీగ మెలిపెడుతున్న పటకారు మధ్యలో ఆగింది.

"దేవుని పాటకు పోలీసులేందమ్మీ?"

"పాటకు కాదు నాయనా. దాని వెనక వచ్చే మ్యూజిక్ వాళ్ళదంట."

"అది తిరుపాల్ తెచ్చింది గదా."

తిరుపాల్‌ను పిలిపించారు. చర్చిలో ప్యాడ్లు వాయించేదీ, పాటల ట్రాకులు తెచ్చేదీ, ఫోన్‌తో వీడియో తీసేదీ అతనే. మాటలు రాసి, పాడింది ఝాన్సీ. వాన లేని ఏడు బోరు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడిన ఆడవాళ్ళ మీద రాసిన పాట. ఆ బిందెలు నింపమని దేవుణ్ణి అడుగుతుంది. కొండ రాళ్ళ మీద నిలబడి పాడితే తిరుపాల్ తీశాడు. అది లక్ష మంది దాకా చూశారని వాడు ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు మాత్రం దొడ్డి వాసానికి ఆనుకుని, కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు.

"వాట్సాపులో వచ్చిందన్నా. ఎవరిదో నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు. కాసేపు ఆగి, "ముందర మాత్రం ఒకాయన పేరు చెప్తాడు. పేరు, ఫోన్ నెంబరు. అది కోసేసినా" అన్నాడు.

ఝాన్సీ వాడి వైపు తిరిగింది. "ఏమిటికి కోసినావు?"

తిరుపాల్ జయప్రకాష్ ముఖం చూశాడు. జయప్రకాష్ పటకారు కింద పెట్టాడు.

"నేనే కొయ్యమన్నా" అన్నాడు.

ఆ చర్చిలో మనుషుల పేర్లు పలకరు. ఎప్పుడో ఒకాయన హార్మోనియం కొనిచ్చి దాని మీద తన పేరు చెక్కించాడు. పేరు కావాలా, దేవుడు కావాలా అని గొడవ మొదలై, సంఘం రెండుగా చీలి, రెండు క్రిస్మసులు వేరువేరుగా జరిగాయి. చివరికి పేరును గరుకు కాగితంతో రుద్దేశాక గానీ అందరూ కలవలేదు. హార్మోనియం మీద ఆ తెల్లని మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి గోడకు సున్నం వేయించినవాడి పేరు గానీ, పాట రాసినవాడి పేరు గానీ ఎవరూ ఎత్తరు. వీడియో కింద కూడా 'మహిమంతా దేవునికే' అని మాత్రమే వేశారు. పాట మొదట్లో ఎవరో ధర్మవరం ఆయన తన పేరు చెప్పుకుంటే జయప్రకాష్ చెవికి అది గొప్పలు పోవడంగా వినిపించింది. కత్తిరించమన్నాడు. మంచి పనే చేశాననుకున్నాడు.

"సంతకం పెట్టేస్తే పోతుంది కదమ్మీ" అన్నాడు ఇప్పుడు. "పేరు కోసం పాడినామా మనం? పాట వాళ్ళదే అనుకోనీ. దేవునికి తెల్దా ఎవరు పాడినారో? నీ ఉద్యోగం ముఖ్యం."

ఆ మాట ఝాన్సీకి తియ్యగానే ఉంది. భయపడ్డవాళ్ళకు భక్తి మంచి దుప్పటి. సంతకం పెట్టేద్దామని చేయి కడుక్కుంటూ అనుకుంది, అన్నం కలుపుకుంటూ అనుకుంది. కానీ ఆ పాటలో బిందెలు పట్టుకుని నిలబడిన వాళ్ళలో ఆమె తల్లి ఉంది, ఆమె ఉంది. ఆ మాటలు రేపటి నుంచి బెంగళూరులో ముఖం తెలియని మనిషివి అవుతాయనుకుని కంచం పక్కకు జరిపింది.

మరునాడు పక్క మిషన్ భారతికి చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. భారతి దారం తెంపి, సూది ఎక్కిస్తూ, "హిందూపురంలో సుచిత్ర మేడం ఉండాది. మా అక్క కేసు చూసింది ఆమే. సంతకం పెట్టేది యాడికి పోతాది, ముందు ఆమెతో మాట్లాడు" అంది.

ఝాన్సీ సగం పూట సెలవు పెట్టి హిందూపురం బస్సెక్కింది. లాయరు ఆఫీసు పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర, మిద్దె మీద. కింద బస్తాల్లోంచి వచ్చే గూళ్ళ వాసన మెట్లెక్కి గదిలోకి కూడా వస్తోంది. మెట్ల మీద ఇద్దరు కన్నడంలో ఏదో ధర గురించి వాదించుకుంటున్నారు. వాళ్ళు తప్పుకోమన్నా ఆమెకు వినపడలేదు. లాయరు దగ్గరికి పోవడమంటే సగం జైలుకు పోయినట్టేనని ఆమె లెక్క.

సుచిత్ర పాట మొత్తం విన్నది. కళ్ళు మూసుకుని వినలేదు, ఝాన్సీని చూస్తూ విన్నది. విన్నాక ఫోన్ బల్ల మీద పెట్టింది.

"మాటలెవరివి?"

"నావే మేడం."

"రిజిస్టరు చేయించావా?"

"లేదు మేడం." ఇంకో తప్పు బయటపడిందనుకుంది ఝాన్సీ.

"చేయించకపోయినా నీవే. రాసినప్పుడే నీవయినాయి. మ్యూజిక్ ఎవరిది?"

"నెట్లో దొరికింది మేడం."

"బస్టాండు ముందర ఎవరో బండి నిలబెట్టి టీకి పోతే, అది నీకు దొరికిన బండి అవుతుందా?"

ఝాన్సీ తల వంచుకుంది. "దుడ్లేమీ రాలేదు మేడం. దేవుని పాట. చర్చి కోసరం పాడినాము."

"చర్చిలో పాడుకున్నంత వరకు భయం లేదు. ఆరాధనలో వాయించుకుంటే ఎవరూ అడగరు, చట్టమే ఒప్పుకుంటుంది. దాన్ని వీడియో చేసి నెట్లో పెట్టినావు చూడు, అది కాపీ తీసి లోకానికి పంచడం. దానికి సొంతదారుని అడగాల. దుడ్లు రాకపోయినా అడగాల్సిందే. ఇంత తప్పు, ఇంత శిక్ష అని కోర్టు చూస్తుంది, అది వేరే మాట. తప్పు లేదని నేను చెప్పను."

"పేరు వేసుంటే సరిపోయేదా మేడం?"

"పేరు వేయడం మర్యాద. అడగడం అవసరం. మీరు రెండూ చేయలేదు."

ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ధైర్యం చెప్తుందని వస్తే ఈమె ఉన్న ధైర్యం కూడా ఊడ్చేస్తోంది అనుకుంది. సుచిత్ర నీళ్ళ బాటిల్ ముందుకు జరిపింది.

"తాగు. ఇప్పుడు రెండో సంగతి విను. మ్యూజిక్ మాది అని ఆ మనోజ్ అంటాడు. అంటే అయిపోతుందా? ఒకరు చేసిన పాట ఇంకొకరిది కావాలంటే చేసినవాడు కాగితం మీద రాసి సంతకం పెట్టాల. నోటి మాటకు హక్కు చేతులు మారదు. అందుకే నీ సంతకం కోసం తిరుగుతాండాడు. ఆ మ్యూజిక్ చేసినాయన వాళ్ళకు రాసిచ్చినాడా? ఇచ్చుంటే మనోజ్ మాటే నిజం, అప్పుడు బేరం వేరు. ఇయ్యకుంటే నిన్ను అడగాల్సింది ఆయన, మనోజ్ కాదు. ముందు ఆయన్ని పట్టుకో. అంతవరకు దేని మీదా సంతకం పెట్టొద్దు."

"ఆయనే కేసు పెడితే మేడం?"

"పెట్టొచ్చు" అంది సుచిత్ర. "ఆయన సొమ్ము తీసుకున్నావు కదా."

తిరిగొచ్చే బస్సులో ఝాన్సీకి ఆ చివరి మాట ఒక్కటే గుర్తుంది. ఇప్పటిదాకా ఒక్కడికి భయపడింది. ఇప్పుడు ఇద్దరు.

తిరుపాల్ ఫోన్లో కత్తిరించకముందు ఫైలు ఇంకా ఉంది. దిగులుగా వినిపించాడు. ముందు చిన్న దగ్గు, తర్వాత ఒక మగగొంతు, "ట్రాక్ చేసినది ధర్మవరం ఆదినారాయణ" అని, ఫోన్ నెంబరు. ఆ వెంటనే టకటకా ఒక దెబ్బ, దాని మీద కీబోర్డు. ఇన్నాళ్ళూ ఆ దెబ్బ ఏదో డ్రమ్ము అనుకున్నారు. ఝాన్సీ ఆ నెంబరుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. శనివారం పొద్దున పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగింది. నాయన వస్తానన్నాడు గానీ ఆమే వద్దంది. ఆయన వస్తే దేవుని మాట తెస్తాడు, అక్కడ అది పనికిరాదని ఆమెకు అప్పటికే అనిపించింది.

ధర్మవరంలో కీబోర్డు ఆదినారాయణ అని అడిగితే మగ్గాల వీధిలో నలుగురు నాలుగు వైపులు చూపారు. ఐదో మనిషి సరిగ్గా చెప్పాడు. ఇంటి ముందు నిలబడేసరికి లోపల నుంచి ఆ దెబ్బ వినిపిస్తోంది. టకటకా. ఝాన్సీ గడప దగ్గరే ఆగిపోయింది. డ్రమ్ము కాదు అది, పట్టుచీర నేసే మగ్గం. తన పాట కింద ఇన్నాళ్ళూ మోగింది ఈ ఇంట్లోని మగ్గమే.

గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక నడివయసు మనిషి నేస్తున్నాడు. పక్కన భార్య దారం కండెలు చుడుతోంది. గోడకు ఆనించి గుడ్డ కప్పిన కీబోర్డు.

"ఆదినారాయణన్న గారేనా? నేను పెనుకొండ నుంచి వచ్చినాను. ఒక పాట గురించి..."

మగ్గం ఆగింది. ఆయన ముఖంలో రంగు పోయింది. ఆమె చూసింది. ఆయన గబుక్కున లేవబోతే మోకాలు కర్రకు తగిలింది. లేచి పోయి కీబోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ట్యూను నేను వాయించల్యా" అన్నాడు. "మీరు ఫోన్ చేసిన కాడ నుంచి యాడా వాయించల్యా. పెళ్ళిళ్ళలో గూడా మానేసినా. పుష్పా, చెప్పు, ఇంట్లో గూడా వాయించల్యా గదా?"

భార్య పుష్పావతి కండె వదిలి లేచి నిలబడింది. "పొద్దున కూడా నీ నెంబరేనా అమ్మా మోగింది? కొత్త నెంబరు చూస్తే ఎత్తేదానికే బయం ఈయనకు" అంది.

జీవితంలో ఝాన్సీని చూసి ఎవరూ భయపడలేదు. మేకలు కూడా అంతగా భయపడవు. ఇంత పెద్దాయన, తన నాయన వయసువాడు, తన ముందు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడితే ఆమెకు భూమిలోకి పోవాలనిపించింది. సిగ్గేసింది.

"నేను కంపెనీ మనిషిని కాదన్నా. కూర్చోండి. నాక్కూడా వాళ్ళే ఫోన్ చేసినారు."

మెల్లమెల్లగా సంగతి బయటికొచ్చింది. నేత పని లేని రోజుల్లో ఆదినారాయణ కీబోర్డు వాయిస్తాడు. పెళ్ళిళ్ళకు, భజనలకు, చర్చిలకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు. మగ్గం చప్పుడు పట్టుకుని ఒక ట్యూను కట్టి, పేరు చెప్పి, నలుగురికి పంపాడు. పని దొరుకుతుందని ఆశ. మనోజ్ అనేవాడు ఆల్బములో వేస్తామని చెప్పి పెన్‌డ్రైవులో పట్టుకుపోయాడు. వాళ్ళ కంపెనీ పాటలో వాడుకుని, తర్వాత ఈయనకే ఫోన్ చేసి, ఆ ట్యూను ఇకమీద వాయిస్తే కేసు అన్నాడు.

"సంతకమేమన్నా పెట్టినారా అన్నా? కాగితం ఏదన్నా?"

"కాగితమా? టీ గూడా నేనే తాపిచ్చినా."

లాయరు సుచిత్ర అన్న మాట ఝాన్సీ వాళ్ళకు చెప్పింది. కాగితం లేకపోతే హక్కు పోదని. ఆదినారాయణ నమ్మలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. పుష్పావతి మూడోసారి చెప్పించింది. అప్పుడు గానీ ఆయన కీబోర్డు ముందు నుంచి పక్కకు జరగలేదు.

"అయితే నువ్వెందుకు వచ్చినావమ్మా?"

ఇదే అసలు కష్టం. ఝాన్సీ ఫోన్ తీసి పాట పెట్టింది. ఆయన తలొంచుకుని విన్నాడు. వేళ్ళు తొడ మీద కదిలాయి. బిందెల మాట వచ్చినప్పుడు పుష్పావతి ముక్కు తుడుచుకుంది. పాట అయిపోయాక ఆయన అడిగింది ఒక్కటే.

"ముందర నా పేరు ఉండల్ల. అదేమయింది?"

"మేమే కోసేసినామన్నా." అబద్ధం చెప్పే వీలుంది. తిరుపాల్ మీదికి తోసే వీలూ ఉంది. "మా చర్చిలో మనుషుల పేర్లు వెయ్యరు. దేవుని పేరే వేస్తారు."

ఆదినారాయణకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "మనోజ్ దుడ్ల కోసరం తీసినాడు, మీరు దేవుని కోసరం తీసినారు" అన్నాడు. "నాకైతే రెండు చోట్లా పోయింది. దేవుడే కట్టినాడా ఆ ట్యూను? ఇదో ఈడ, ఈ గుంటలో కూసోని, నడుము పట్టేస్తే లేసి కట్టినా."

అనుమతి లేకుండా వాడారని మనోజ్ అన్న మాట నిజమేనని, ఆ మాట అనాల్సింది మాత్రం అతను కాదని ఝాన్సీకి ఇప్పుడు తెలిసింది.

"తప్పయిందన్నా. ఇప్పుడు అడుగుతాండా. మీ ట్యూను మీద నా మాటలు పాడుకునేదానికి నాకు అనుమతి ఇస్తారా? ఇయ్యకపోయినా మీ ఇష్టమే."

ఆయన భార్య వైపు చూశాడు. "నన్ను అడిగినోళ్ళు ఇంతవరకూ లేరు" అన్నాడు. చాలాసేపు తెగిన పడుగు దారాన్ని వేలికి చుట్టి విప్పాడు. "దీన్ని తీసెయ్యి. ఇట్ల పేరు లేకుండా ఉండకూడదు. మళ్ళీ చేద్దాం. ఇద్దరి పేర్లతో."

లక్ష మంది. ఫ్యాక్టరీలో, బస్సులో, ఊళ్ళో ఆమెను ఆపి పలకరించిన వాళ్ళంతా ఆ అంకెలో ఉన్నారు. తీసేస్తే మళ్ళీ సున్నా. ఝాన్సీ వేలు కాసేపు తెర మీదే ఆగింది. తర్వాత నొక్కింది. పాట పోయిన చోటు ఖాళీగా కనిపించింది. ఆదినారాయణ ఒక తెల్లకాగితం మీద, పుష్పావతి చెప్తుంటే, తన ట్యూను ఎవరికీ రాసివ్వలేదని, ఝాన్సీ పాడుకోవచ్చని రాసి సంతకం పెట్టాడు. దాని కింద ఝాన్సీ, పాట ముందర ఆయన పేరు చెప్తానని రాసి తన సంతకం పెట్టింది. పుష్పావతి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

సోమవారం టీ విరామంలో మనోజ్ ఫోన్ వచ్చింది. వాళ్ళ మనిషి బస్టాండులో ఉన్నాడట. ఝాన్సీ చెమట చేయి చున్నీకి తుడుచుకుంది.

"పాట తీసేసినాను సార్" అంది.

"తీస్తే సరిపోదండీ. చేసిన నేరం చేసినట్టే ఉంటుంది."

"సార్, ధర్మవరం ఆదినారాయణ మీకు రాసిచ్చిన కాగితం ఉండాదా? అది చూపిస్తే మా లాయరు మేడం సంతకం పెట్టమంటాది."

అవతల చాలాసేపు బండ్ల హారన్లు మాత్రం వినిపించాయి. "కనుక్కుని చెప్తానండీ" అన్నాడు మనోజ్. గొంతు అంతే మెత్తగా ఉంది. పెట్టేశాడు.

కనుక్కున్నాడో లేదో తెలియదు. ఆ వారమంతా ఝాన్సీ ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. పోలీసులు వెరిఫికేషనుకు ఊళ్ళోకి వచ్చి పోయారని నాయన చెప్తే, ఏమడిగారో ఒక్కొక్క మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. కేసేమీ లేదని రాసుకుని పోయారట. అయినా భయం పోలేదు. భయం చుట్టం లాంటిది, పొమ్మంటే పోదు.

ఆదివారం జయప్రకాష్ ప్రకటనలు చదివాక కాసేపు నిలబడ్డాడు. హార్మోనియం మీది తెల్లమచ్చను చూశాడు. దేవుని పాటకు మనిషి కూడా పని చేస్తాడని, ఆ మనిషిని అడక్కుండా తన మాట మీదనే పేరు కోసేశారని, తప్పు తనదేనని చెప్పాడు. వెనక వరసలో ఎవరో గొణిగారు. ఆయన కూర్చోలేదు. ధర్మవరం ఆదినారాయణ అనే పేరు పలికి, తర్వాతే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఒక రోజు, విరామం అయిపోయి అందరూ లోపలికి పోతుండగా, అరలో పెట్టబోతున్న ఫోన్ మోగింది. తెర మీద ఆదినారాయణ.

"ఏమన్నా, వాళ్ళ ఫోన్ వచ్చిందా మీకు?" అంది ఝాన్సీ కంగారుగా.

"ఎవుర్దీ రాలేదమ్మా. ఒకటి అడగాల నిన్ను. తాడిమర్రిలో మా చుట్టాల పెండ్లి. ఆ పాట వాయించమంటాండారు. ట్యూను నాది, అది సరే. మా పుష్ప నీ మాటలతో పాడతానంటాది. మాటలు నీవి గదా. పాడొచ్చునా?"

లోపల లైను మొదలయ్యే గంట మోగింది. రాధ తలుపు దగ్గర నిలబడి చేయి ఊపుతోంది. ఝాన్సీ కదలలేదు. తన మాటలు పాడుకోవచ్చునా అని ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

"పాడండన్నా" అంది.

"సరే. ముందర పేరు చెప్పాల గదా. నీ పేరు ఏమని చెప్పమంటావు?"

పక్కనుంచి పోతున్నవాళ్ళు వింటున్నారు. పుట్టిన దగ్గర నుంచి పాట ముందర తన పేరు విని ఎరగని ఝాన్సీ, కొంచెం సిగ్గుపడి, తర్వాత అవతలికి బాగా వినపడేట్టు తన పేరు, ఊరి పేరు చెప్పింది.